ఈసీలో కనబడని సంగతి

ఇల్లు కొనేముందు ఎవరైనా చేసే పనులన్నీ చేశాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాను. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించాను. మున్సిపల్ పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇచ్చింది. సరూర్‌నగర్ చెరువుకు దగ్గర్లోని కాలనీలో 150 గజాల ఇండిపెండెంట్ ఇల్లు. ఈసీ ప్రకారం పదేళ్లలో మూడు చేతులు మారింది. ఇన్నిసార్లు అమ్ముడుపోయిందంటే ఏరియాకు గిరాకీ బాగుందనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మ మాత్రం, "సొంతిల్లు కొనుక్కున్నోళ్లు గింత జల్ది ఎందుకు ఇడిసిపెట్టి పోయిండ్రు బిడ్డా? ఒక్క వాన పడనియ్యి, అప్పుడు చూద్దాం" అంది. అప్పుడు ఏప్రిల్. వానలదాకా ఆగితే ఇంకెవరో బయానా ఇచ్చేస్తారని బ్రోకరు తొందరపెట్టాడు. నేను తొందరపడ్డాను.

రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు, దానపత్రాలు ఈసీలో ఉంటాయి. ఎందుకు అమ్మారన్నది ఉండదు. అది గల్లీలో అడిగి తెలుసుకోవాలి. అడగకపోయినా కళ్లముందే కనబడుతూ ఉంది. హాలు గోడలకు నడుమెత్తు దాకా టైల్స్. ప్లగ్గులన్నీ భుజాల ఎత్తున. గేటు దగ్గర మోకాలెత్తు దిమ్మె. ఎదురింటివాళ్లు కింద పార్కింగే ఉంచుకుని పైన కాపురముంటున్నారు. మూలమీది కిరాణా కొట్టులో బియ్యం బస్తాలు ఇటుకల మీద ఎత్తిపెట్టి ఉన్నాయి. ఇవన్నీ చూశాను. టైల్స్ చూసి, పిల్లలు గోడల మీద గీసినా తుడిస్తే పోతుందని ముచ్చటపడ్డాను కూడా.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన సంగతి హైదరాబాదులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీళ్లు సరూర్‌నగర్ చెరువులోకే వస్తాయి. మా ఇంట్లోకి నీళ్లు మొదట గేటులోంచి రాలేదు. బాత్రూం జాలీలోంచి నల్లగా ఉబికాయి. దిమ్మె దాటి వీధి నీళ్లు వచ్చేసరికి మేం అమ్మను పట్టుకుని డాబా మెట్ల మీద ఉన్నాం. నీళ్లు తీశాక చూస్తే బురద గీత టైల్స్ పై అంచుకు వేలెడు కిందుంది. ఆ టైల్స్ వేయించినవాళ్లు కొలత చూసుకునే వేయించారు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. అమ్మేద్దామని నిర్ణయించుకుని, బెడ్రూముల్లో రంగు పెచ్చులూడిన చోట టైల్స్ వేయడానికి మేస్త్రీని పిలిచాను. "హాల్లో ఉన్నంత ఎత్తే పెట్టాల్నా సార్?" అని అడిగాడు. అవునన్నాను. వేయించాను కూడా. ఇల్లు చూడటానికి మొదట వచ్చిన జంట చంటిపిల్లను తెచ్చుకున్నారు. ఆ అబ్బాయి టైల్స్ నిమిరి, "నీట్‌గా చేయించారు సార్" అన్నాడు. అప్పుడిక నావల్ల కాలేదు. నీళ్లు ఎందాకా వచ్చాయో గోడ మీద చెయ్యిపెట్టి చూపించాను. వాళ్లు మళ్లీ రాలేదు.

అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు అదే చెబుతున్నాను. ఎదురింటాయన నాతో మాట్లాడటం మానేశాడు. "మీ ఇల్లు మీరు ఎంతకైనా అమ్ముకోండి, మా రేట్లు ఎందుకు పడగొడతారు?" అన్నాడు. కూతురి పెళ్లికి ఆ ఇల్లే ఆధారం ఆయనకు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా చెప్పకుండా అమ్మలేను. ధర తగ్గించాను. కొనాలనుకునేవాళ్లను పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి వచ్చి చూసుకుని, ఆ తర్వాతే బయానా ఇమ్మంటున్నాను.