దూరపు సముద్రాలు వెచ్చన

శాంటా క్లారా తెలుగు ఇళ్ళల్లో ఉగాది పచ్చడి అయిపోయాక వచ్చే పెద్ద పండగ వేసవి సెలవుల ప్లానింగు. జూన్‌లో బడులు మూసేలోపు ఎక్కడికెళ్ళాలో తేలిపోవాలి. యోసెమిటీ చూసేశారు, హవాయి అయిపోయింది, కాన్‌కూన్‌కి పక్కింటివాళ్ళు కూడా వెళ్ళొచ్చారు కాబట్టి అది లెక్కలోంచి పోయింది. అలా గ్లోబు తిప్పుకుంటూ పోతే వేలు వెళ్ళి ఉత్తరాఫ్రికా మీద ఆగింది. మొరాకోలో ఎస్సవీరా అని ఒక ఊరు. రేవులో నీలం పడవలు, తెల్లటి గోడలు, కోట బురుజులు, పక్కనే మైళ్ళ పొడుగునా ఇసుక. ఆ ఫొటో చూసి వద్దనే మనిషి ఉండడు, నేనూ వద్దనను. నా వాదనల్లా ఒక్కటే: శాంటా క్లారా మనిషి అక్కడికి పోవాలనుకునేది సముద్రం కోసం కాదు. సముద్రం అతనికి ముప్పై మైళ్ళలో ఉంది. హైవే 17 ఎక్కి కొండ దిగితే శాంటా క్రజ్. అతను కొనుక్కుంటున్నది దూరం. లీవు దరఖాస్తులో కారణం 'దూరం' అని రాస్తే బాగుండదు కాబట్టి 'బీచ్' అని రాస్తున్నాడు.

మొదటి సాక్ష్యం ఆ సముద్రమే. కాలిఫోర్నియా తీరంలోనూ మొరాకో అట్లాంటిక్ తీరంలోనూ జరిగే కథ ఒకటే. ఉత్తరాన్నించి ఒడ్డు వెంబడే గాలి వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల పైనున్న నీళ్ళు పడమటికి జరిగిపోతాయి. ఖాళీ అయిన చోటికి అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. ప్రపంచంలో ఇలాంటి పెద్ద ప్రవాహాలు నాలుగున్నాయి. వాటిలో ఒకటి కాలిఫోర్నియాది, ఇంకొకటి మొరాకో ముందునుంచి పోయే కెనరీ ప్రవాహం. అందుకే శాంటా క్రజ్‌లో మండు వేసవిలో కూడా నీళ్ళు 15 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంటాయి. ఎస్సవీరాలో ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కువ, అంతే. ఇక్కడా పొగమంచే, అక్కడా పొగమంచే. అడుగునీటితో పాటు చేపల మేత కూడా పైకొస్తుంది కాబట్టి రెండు చోట్లా సార్డీన్లు, అంటే మన విశాఖ రేవులో కవళ్ళు, గుట్టలుగా పడేవి. మాంటెరేలో వాటిని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలు చేపలు కరువై మూతబడ్డాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీ స్థలంలోనే 1984లో అక్వేరియం తెరిచారు. మొరాకో మాత్రం ఇప్పటికీ సార్డీన్లు పట్టి ప్రపంచానికి పంపుతోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టు అంటునే దాదాపు 6,000 మైళ్ళ అవతల నాటితే మాత్రం దివ్యౌషధం అవుతోంది.

సముద్రం సంగతి సరే, ఊరి చరిత్ర మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎస్సవీరాని 1760లలో సుల్తాన్ మొహమ్మద్ బెన్ అబ్దల్లా కట్టించాడు, నక్షా గీసినవాడు కోర్న్యూ అనే ఫ్రెంచి ఇంజనీరు. పాత ఊరిని 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆర్సన్ వెల్స్ తన 'ఒథెల్లో' సినిమాలో కొంత భాగం అక్కడే తీశాడు. ఈ సుల్తానుకీ మనకీ చిన్న చుట్టరికం కూడా ఉంది. 1777 జనవరిలో మిషన్ శాంటా క్లారా మొదలైంది, అదే ఏడాది డిసెంబరులో ఆయన అమెరికా ఓడలు తన రేవులకి రావచ్చని ప్రకటించాడు. ఎవరూ అడగకుండానే, పిటిషనూ లాటరీ లేకుండా. ఇంత చరిత్ర ఉన్న ఊరికి వెళ్ళాల్సిందే. అయితే దాన్ని బీచ్ హాలిడే అనకూడదు. అది చరిత్ర యాత్ర, అందులో మధ్యాహ్నం ఇసుకలో పడుకోవడానికి వీల్లేదు. పైగా చరిత్రే కావాలంటే మన ఊరి మిషన్ ఎల్ కమీనో రియల్ పక్కనే ఉంది, పార్కింగుతో సహా. దాని ముందునుంచి ఇడ్లీ పిండి కోసం వారం వారం పోయేవాళ్ళు లోపలికి తొంగిచూసిన దాఖలా లేదు.

అట్లాంటిక్ చలి వద్దు, వెచ్చటి నీళ్ళే కావాలి, ట్యునీషియాలో హమ్మామెత్‌కో ఈజిప్టులో హుర్ఘాదాకో పోతామనేవాళ్ళు ఉంటారు. వీళ్ళ వాదనలో బలముంది. మధ్యధరా సముద్రం ఆగస్టులో నిజంగానే వెచ్చగా ఉంటుంది, ఎర్ర సముద్రం సంగతి చెప్పనక్కర్లేదు. కాని వెచ్చదనమే కొలబద్ద అయితే బంగాళాఖాతాన్ని మించింది ఏముంది? భీమిలి, సూర్యలంక, మంగినపూడి, ఏ రేవులో దిగినా గోరువెచ్చటి నీళ్ళే. దారి పొడుగూ తెలుగు బోర్డులే, ఒడ్డునే మొక్కజొన్న పొత్తులు. అక్కడికి ఎందుకు పోరంటే జవాబు అందరికీ తెలుసు. విశాఖలో దిగాక ఆర్కే బీచ్‌కి చేరేలోపు పెద్దత్తయ్య గారిల్లు, బాబాయి గారిల్లు, గృహప్రవేశానికి రాలేదని అలిగినవాళ్ళిల్లు వరసగా తగులుతాయి. ఒక్క ఇల్లు వదిలేస్తే ఆ మాట మనం విమానం ఎక్కేలోపు శాంటా క్లారా చేరుతుంది. మైళ్ళ లెక్కన విశాఖ హుర్ఘాదాకంటే దూరమే, బంధువుల లెక్కన మాత్రం మన ఇంటి వసారా. దీన్నిబట్టి వెచ్చదనం కూడా అసలు కారణం కాదని తేలిపోయింది. కావలసింది మనల్ని ఎరిగినవాళ్ళెవరూ లేని ఒడ్డు.

సరే, దూరమే సరుకు అనుకుందాం. ఆ సరుకైనా చేతికొస్తుందా? మైళ్ళ దూరం వేరు, కాగితాల దూరం వేరు. హెచ్‌-1బి మీదున్న మనిషి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినా ఇక్కడ నిక్షేపంగా ఉద్యోగం చేసుకోవచ్చు, చిక్కల్లా గడప దాటితేనే. కెనడాకో మెక్సికోకో వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే వెసులుబాటు ఉంది, మొరాకోకి లేదు. కొత్త స్టాంపుకి సొంత దేశంలోనో నివాసమున్న దేశంలోనో అడగాలని 2025 సెప్టెంబరులో నిబంధన బిగించారు. అంటే ఎస్సవీరా నుంచి శాంటా క్లారాకి దగ్గరి దారి హైదరాబాదులో అమెరికా కాన్సులేటున్న నానక్‌రామ్‌గూడ మీదుగా పోతుంది, భక్తులకైతే మధ్యలో చిలుకూరులో 11 ప్రదక్షిణల మజిలీ అదనం. ఆ నెలలోనే హెచ్‌-1బికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు సెలవులో ఉన్నవాళ్ళు పెట్టెలు సర్దుకుని తిరుగు విమానాలకి పరుగెత్తారు, ఉన్న వీసాలకి అది వర్తించదన్న వివరణ మర్నాడు వచ్చింది. అమెరికా పౌరులకి ఈ గొడవ లేదుగా అంటారా? లేదు, 90 రోజుల వరకూ మొరాకో వాళ్ళని వీసా అడగదు. అందుకే చాలా ఇళ్ళల్లో దర్జాగా దిగగలిగేది రెండేళ్ళ పిల్ల ఒక్కతే. ఆ పిల్లకి డైపరు మార్చాల్సినవాళ్ళు ఈ-వీసా కోసం తెల్లగోడ ముందు ఫొటోలు దిగుతుంటారు.

కాగితాలు గట్టెక్కినా గడియారం గట్టెక్కనివ్వదు. వేసవిలో మొరాకో కాలిఫోర్నియాకంటే ఎనిమిది గంటలు ముందు, హైదరాబాదుకంటే నాలుగున్నర గంటలు వెనక. హైటెక్ సిటీ టీమ్ ఉదయం తొమ్మిదిన్నరకి కూర్చుంటే ఎస్సవీరాలో తెల్లవారుజాము ఐదు. వాళ్ళు సాయంత్రం ఆరున్నరకి లేచేసరికి అక్కడ మధ్యాహ్నం రెండు. శాంటా క్లారా ఆఫీసు ఉదయం తొమ్మిదికి తెరిచేసరికి సాయంత్రం ఐదు, అది మూసేది అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి. 'అత్యవసరమైతేనే పిలవండి' అని మెయిల్లో రాసి వెళ్ళినవాడికి రెండు నుంచి ఐదు దాకా ఎవరి బెడదా లేని మూడు గంటలు మిగులుతాయి. ఎస్సవీరాలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గాలి కాలం, అందులోనూ గాలి విజృంభించేది సరిగ్గా ఆ మధ్యాహ్నం పూటే. గాలిపటం కట్టుకుని అలల మీద ఎగిరేవాళ్ళకి అది స్వర్గం. తువ్వాలు పరుచుకుని పడుకోవాలనుకున్నవాడికి చెవుల్లో, ముక్కులో, పులిహోర డబ్బాలో ఇసుక.

ఇన్ని తెలిసీ ప్లాన్లు వేస్తూనే ఉన్నారంటే అందులోనే ఆనందం ఉందేమో అని చివరి అభ్యంతరం. ఆ గూగుల్ షీటు చూస్తే అలా అనిపించదు. ఒక వరసలో హోటలు, పక్కన బ్యాకప్ హోటలు, దాని పక్కన 'వెజ్ దొరుకుతుందా?', ఆ గడిలో ఎర్ర రంగు. కింద ఎవరో 'రైస్ కుక్కర్ ప్లగ్గు టైపు?' అని రాసి వదిలేశారు. ఇది కోడు విడుదలకి ముందు వేసే షీటే, పేరు మార్చారు. ఆఫీసుకి దూరంగా పారిపోయే పథకాన్ని కూడా ఆఫీసు పద్ధతిలో తప్ప వేయలేకపోతున్నాం. అయినా ఈ ప్రయాణాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. దానికి ఒక గట్టి సమర్థన ఉంది. శాంటా క్రజ్‌లో ఉన్నానంటే మేనేజరు 'ఒక్క అరగంట కాల్‌లోకి రాగలవా?' అంటాడు. మొరాకోలో ఉన్నానంటే అదే మాట అనేముందు అక్కడ టైమెంతో ఒకసారి చూసుకుంటాడు. నలుగురి విమానం టికెట్లకి మనం పోసే డబ్బు ఆ ఒక్క క్షణం తటపటాయింపు ఖరీదు. అది ఎక్కువనుకునేవాళ్ళు హైవే 17 మీద ఫోన్ ఆపేస్తే అదే సరుకు పెట్రోలు ఖర్చుతో వస్తుంది. కాదు, ఎస్సవీరాయే కావాలంటే గాలి తగ్గిన అక్టోబరులో వెళ్ళండి. శాంటా క్రజ్‌లో ఎండ బాగా కాసే రోజులు కూడా అవే. రెండు ఊళ్ళకీ ఉన్న ఒకే ఒక్క లోపం, అప్పుడు పిల్లలకి బడి ఉంటుంది.