క్యూబుకు జలకాలు, స్లాబుకు ఎండ

ప్రభుత్వ పనుల మీద పర్యవేక్షణ లేదనేవాళ్లు ఎప్పుడూ సైటు మొహం చూసి ఉండరు. ఇంజనీర్లలో ముందు ఏఈ చూస్తాడు. ఏఈ చూశాడో లేదో డీఈ చూస్తాడు. ఈఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు, ఎస్ఈ అప్పుడప్పుడూ కారు దిగుతాడు. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల మీద నమ్మకం చాలక థర్డ్ పార్టీ తనిఖీ వచ్చింది. అందరి నెత్తిమీదా ఇప్పుడు డ్రోను. ఇన్ని కళ్ల మధ్య ఒక్క బస్తా సిమెంటు తగ్గినా తెలియాలి. తెలియకుండా తగ్గుతోందని ఎవరన్నారు?

కాంక్రీటు సంగతే చూడండి. పోసేటప్పుడు అందులోంచి కొంత తీసి 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చుల్లో నింపాలి; ఆ దిమ్మెలే క్యూబులు. మర్నాడు అచ్చు విప్పి నీళ్ల తొట్టిలో వేయాలి. 7 రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని తీసి మిషన్లో నొక్కి బలం చూడాలి. ఎం20 రకమైతే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. పద్ధతి మంచిదే. స్లాబు ముక్క కోయకుండానే స్లాబు బలం తెలుస్తుంది, రెండింట్లోనూ ఉన్నది ఒకే మాలైతే.

కిటుకంతా అక్కడే ఉంది. క్యూబుకు జరిగే మర్యాద సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడికి కూడా జరగదు. ఇసుక జల్లించి, కంకర ఏరి, గుప్పెడు సిమెంటు ఎక్కువేసి, రాడ్డుతో పొరపొరకూ కూరి, పైన తాపీతో నున్నగా లాగి, నెత్తిన తేదీ రాస్తారు. ఆపైన నెల్లాళ్లు జలకాలే. స్లాబేమో మే నెల ఎండలో పడి ఉంటుంది. ఐఎస్ 456 లెక్కన మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి వాతావరణంలో 10 రోజులు తడి ఆరకూడదు. మడులు కట్టి నీళ్లు నిలపాలి. నిలిపే మనిషికి కూలి, ట్యాంకరుకు డబ్బు ఎవరిస్తారు? కాంట్రాక్టరు తెలివైనవాడు, గోనెసంచులు పరిచి ఊరుకుంటాడు. పెద్దసారు బయల్దేరారని ఫోను రాగానే అవి వాటంతట అవే తడుస్తాయి. సారు కిందికి చూసి, "క్యూరింగ్ బాగుందయ్యా" అని కొబ్బరిబోండాం అందుకుంటారు.

సైట్లో స్లంప్ కోన్ అని అడుగెత్తు ఇనుప గరాటు ఉంటుంది. కాంక్రీటులో నీళ్లెక్కువయ్యాయో లేదో నిమిషంలో తేల్చేస్తుంది. అంత నిక్కచ్చి మనిషిని ఎవరు భరిస్తారు? అందుకే స్టోరురూములో మూలన పడి ఉంటుంది, వాచ్‌మన్ దాని మీద తువ్వాలు ఆరేసుకుంటాడు. బయట పంపు దగ్గర కుర్రాడు "అన్నా, పైపులో పోతలేదు, ఇంకో రెండు బకెట్లు కొట్టు" అని అరుస్తుంటాడు. ఆ రెండు బకెట్లు, కొలతలు రాసుకునే ఏ ఎం-బుక్‌లోకీ ఎక్కవు.

ఈ లొసుగులన్నీ ఎరిగిన పైవాళ్లు చివరికి ఫొటోను నమ్ముకున్నారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి బేస్‌మెంట్ పూర్తయి ఫొటో ఎక్కితే ఒక విడత డబ్బు, గోడలకు మరో విడత, స్లాబుకు ఇంకో విడత, అన్నీ అయ్యాక చివరి విడత. నిజానికి తను పడుకునే ఇంట్లో రాడ్డు ఎగ్గొట్టుకునే పేదవాడు ఎవడూ ఉండడు. అయినా ఫొటో లేనిదే అతనికి రూపాయి రాలదు. ఉపాధి హామీ పనుల్లోనూ 2023 జనవరి నుంచి కూలీల ఫొటో యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది, పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని. అందుకని ఫొటోలను తనిఖీ చేయడానికి పంచాయతీ నుంచి పైదాకా మళ్లీ అంచెలు పెట్టారు. పని మాత్రం ఎప్పటిలాగే ఎవరికీ కనపడకుండా సాగుతోంది.

అసలు సిసలు తనిఖీ చేసేవాళ్లు వేరే ఉన్నారు. పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద 2016లో మొదలెట్టిన వంతెన ఎనిమిదేళ్లయినా పూర్తి కాలేదు. 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలి వీచింది, గర్డర్లు కింద పడ్డాయి. ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం. గాలి ఎం-బుక్ తిరగెయ్యలేదు, కొబ్బరిబోండాం అడగలేదు, రిపోర్టు మాత్రం ఒక్క రాత్రిలో ఇచ్చేసింది. 2019 జూన్ 21న ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీకి పరీక్ష పెట్టింది గోదావరి. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. జీతభత్యాలు అడగకుండా ఇంత నిజాయితీగా పనిచేసే విభాగం మనకు మరొకటి లేదు. ముందుగా నోటీసు ఇవ్వకపోవడమే దాంతో చిక్కు.

మనమేం చేయగలం అంటారా? 2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 2(జె) ఓసారి చదవండి. కాగితాలు అడగడమే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మనే హక్కు కూడా అందులో ఉన్నాయి. మన దగ్గర దరఖాస్తు రుసుము పది రూపాయలు దాటదు. మీ ఊళ్లో బడి గదో కల్వర్టో లేస్తుంటే ఒక దరఖాస్తు పడేయండి. నమూనా అడిగేచోట మాత్రం విడమరిచి రాయండి: స్లాబులోది కావాలి, తొట్టిలోది వద్దు.