కాపురానికి జెరాక్సు

సోమందేపల్లిలో ఎవరు ఎవరితో కాపురం చేస్తున్నారో తెలుసుకోవడానికి కాగితం అక్కర్లేదు. కొత్త కోడలు వచ్చిన మూడో రోజుకే ఆమె కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటుందో వీధి చివర అంగడాయన చెప్పగలడు. వారం తిరిగేసరికి మొగుడితో ఎందుకు మాట పట్టింపు వచ్చిందో ఎదురింటామె చెప్పగలదు. చిక్కల్లా ఆ సంగతి కెనడాలో కూర్చున్న ఆఫీసరుకు చెప్పాల్సి వచ్చినప్పుడే. ఆయన ఎదురింటామెను అడగడు. కాగితాన్ని అడుగుతాడు.

నాది 44వ నంబరు హైవే పక్కన జెరాక్స్ అంగడి. భార్యకు కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం ఫైలు కట్టుకునేవాళ్లు ఆఖరికి నా దగ్గరికే వస్తారు. ఆ అనుభవంతో ఈ సలహాలు రాస్తున్నాను. ఇవి పాటించినా పీఆర్ రాకపోతే జెరాక్సు డబ్బులు వాపసు ఇవ్వబడవు.

మొదటి సలహా, పని తొందరగా మొదలుపెట్టండి. పెళ్లయ్యాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. నిశ్చితార్థం నాటికి కూడా ఆలస్యమే. నన్నడిగితే మీ తాత ఇల్లు కట్టుకున్నప్పుడే మొదలుపెట్టి ఉండాల్సింది.

ఎందుకో తెలియాలంటే కెనడా చెక్‌లిస్టు తెరిచి చూడండి. మొగుడూ పెళ్లాలు కలిసి ఉంటున్నారనడానికి ఏమేం పెట్టాలో అందులో ఉంటుంది. ఇద్దరి పేరున ఉన్న ఇల్లు, లేదా ఇద్దరి పేర్లూ ఉన్న బాడుగ అగ్రిమెంటు. ఉమ్మడి కరెంటు, గ్యాసు, ఫోను ఖాతాలు, బ్యాంకు ఖాతా. బండి ఇన్సూరెన్సు. ఒకే అడ్రసు చూపించే సర్కారు కార్డులు. వీటిలో కనీసం రెండు రకాలు ఉండాలి.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ఇల్లు తాత పేరున ఉంది. తాత పోయి ఇరవై ఏళ్లయింది. కరెంటు మీటరూ ఆయన పేరునే, కాబట్టి నెలనెలా బిల్లు ఆయనకే వస్తుంది, స్వర్గం నుంచి ఠంచనుగా కడుతున్నట్టే లెక్క. గ్యాసు ఎప్పుడో దీపం పథకంలో వచ్చింది, అత్త పేరున. ఇంటిపన్ను రసీదు మామ పేరున. ఇంటర్నెట్టు మరిది పేరున, ఎందుకంటే ఆఫరు ఆయన నంబరుకే వచ్చింది. బండి మామది, తోలేది మరిది, ఇన్సూరెన్సు ఎవరూ కట్టలేదు. ఇన్ని కాగితాలున్న ఇంట్లో ఆ ఇద్దరి పేర్లూ జంటగా కనిపించేది ఒక్కచోటే. వంటింట్లో స్టీలు బిందె మీద. పెళ్లికి చదివించిన మేనమామ దానిమీద మొగుడి పేరు, పెళ్లాం పేరు, కింద పెళ్లి తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించాడు.

బిందెను జెరాక్సు తీయడం కుదరదు. ప్రయత్నించాం.

కాబట్టి కన్నతండ్రి దగ్గరే బాడుగకు దిగండి. వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చుకుంటే నేనే టైపు చేసిపెడతాను. ఒకసారి ఇట్లాగే ఒక కుర్రాడు వాళ్ల నాయననూ అమ్మనూ వెంటబెట్టుకుని వచ్చాడు. కెనడా పౌరుడు. పెళ్లికని వచ్చి, ఇంటి నుంచే పని చేసుకొమ్మని కంపెనీ అన్న పుణ్యానికి ఏడాదిన్నర ఇక్కడే ఉండిపోయాడు. రాత్రంతా మేడ మీద గదిలో దీపం వెలుగుతూంటే, దొంగల భయం లేదని వీధి వీధంతా నిశ్చింతగా నిద్రపోయింది. అగ్రిమెంటు చూసి వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కన్న కొడుకు దగ్గర బాడుగ తీసుకునేదేందప్పా?"

"కాగితానికేలేమ్మా," అన్నాను.

"కాగితానికే అయితే ఎంత రాసినారు?"

"మూడు వేలు."

కళ్లు తుడుచుకుంది. "మేడ మీద గది, మూడు వేలకా? కియావోళ్లు ఎనిమిది ఇస్తాండారంటనే?"

ఎనిమిది రాశాం. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది కాబట్టి, దేశమంతా చేసినట్టే మేమూ 11 నెలలకే రాశాం. అంటే కాగితం మీద మీ కాపురం 11 నెలలే. పన్నెండో నెల ఎక్కడ పడుకున్నారని ఆఫీసరు అడిగితే జవాబు తయారుగా పెట్టుకోండి.

కియా మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలయ్యాక ఇటువైపు కొరియా వాళ్ల రాకపోకలు పెరిగాయి. విదేశీయుడికి గది ఇచ్చినవాళ్లు 24 గంటల్లోగా సర్కారుకు ఫారం నింపి పంపాలి. ఎవరు, ఏ దేశం, ఏ పాస్‌పోర్టు, ఎప్పుడు దిగాడు, ఎప్పుడు పోతాడు, అన్నీ అందులో ఉంటాయి. ఒక్క రాత్రి నిద్ర చేసిన కొరియా ఇంజనీరుకు సర్కారు దగ్గర రుజువుంది. నాలుగేళ్లుగా అదే వీధిలో పొద్దున అయిదింటికి లేచి కల్లాపి చల్లుతున్న కోడలికి లేదు. కోడలిని కూడా విదేశీయురాలిగానే నమోదు చేయించడం కుదురుతుందేమో కనుక్కోండి. అత్తగారింట్లో మొదటి ఏడాది ఎలాగూ అంతే కదా.

అడ్రసు దగ్గర ఇంకా జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న మాకు జిల్లా మారింది. గోడ జరగలేదు, గడప జరగలేదు, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. ఆయన ఆధార్ పాతది, అందులో అనంతపురం జిల్లా. ఆమె పెళ్లయ్యాక మార్పించుకుంది, అందులో శ్రీ సత్యసాయి జిల్లా. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరు రెండు జిల్లాల్లో ఉన్నట్టు తేలింది. ఇక ఊరి పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎవరి చెయ్యి ఎట్లా తిరిగితే అట్లా. ఒకచోట 'పల్లి', ఒకచోట 'పల్లె'. ఒక ఫైలులోనైతే పెనుకొండకు బదులు పెనుగొండ అని పడింది. పెనుగొండ వాసవమ్మ వెలిసిన ఊరు, పశ్చిమ గోదావరిలో. అక్కడ మొగుడు, ఇక్కడ పెళ్లాం. ఆ అమ్మి కాగితం చేతిలో పట్టుకుని, "అన్నా, ఈయప్ప నాకు చెప్పకుండా గోదావరి జిల్లాకు యాడికి పోయినాడు?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆమె మొగుడు మాత్రం నవ్వలేదు.

రేషను కార్డు మీద ఆశ పెట్టుకోకండి. పుట్టింటి కార్డులోంచి పేరు తీస్తే గానీ మెట్టినింటి కార్డులో ఎక్కదు. తీయించడానికి పుట్టింటివాళ్లకు మనసు రాదు, బియ్యం కోసం కాదు, ఆ పేరు అక్కడ ఉంటే బిడ్డ ఇంకా ఇంట్లో ఉన్నట్టుంటుందని. మరీ ఆ పుట్టిల్లు ధర్మవరంలో మగ్గం ఇల్లయితే సంగతి ఇంకా బాగుంటుంది. ఆమె తల్లీ తండ్రీ ముప్పై ఏళ్లు ఒకే గదిలో ఉన్నారు, ఆయన మగ్గం గుంతలో, ఆమె పక్కనే రాట్నం ముందు కండెలు చుడుతూ. ఆమె కండె అందించకపోతే ఆయన నాడె ఆడదు. అంత పట్టు చీరలో ఇద్దరి చేతులూ ఉన్నాయి. పాసుపుస్తకంలో పేరు మాత్రం ఆయనదొక్కటే. కలిసి ఉన్నట్టు రుజువు చూపమంటే ఆ దంపతులు ఏం చూపిస్తారో నాకిప్పటికీ తెలియదు. అదృష్టం, వాళ్లను ఎవరూ అడగలేదు.

ఇక ఫోటోలు. కెనడా వాళ్లు 20కి మించి వద్దంటారు. మీ దగ్గర మూడు వేలున్నాయి. అందులో రెండు వేల తొమ్మిది వందల్లో మీరిద్దరూ వరసగా నిలబడిన చుట్టాల మధ్య శిలల్లా ఉంటారు. పెళ్లికూతురు పళ్లు కనిపించేలా నవ్వకూడదని ముత్తవ్వ హెచ్చరించింది, పెళ్లికొడుక్కి నవ్వే ఓపిక లేదు. ఒకరినొకరు ముట్టుకున్నట్టు కనిపించేది జీలకర్ర బెల్లం దగ్గర ఒక్కటే, అదీ తెర అడ్డం. ప్రేమ తెలిసేలా ఫోటోలు కావాలంటే అందరూ చేసేదే మీరూ చేయండి, లేపాక్షి పోండి. వేలాడే స్తంభం కింద చున్నీ దూర్చి, ఆ కొస ఆయన, ఈ కొస మీరు పట్టుకుని దిగండి. నంది ముందు ఒకటి. ఎప్పటికీ పూర్తికాని కల్యాణ మంటపం ముందు మాత్రం దిగొద్దు, ఆఫీసరుకు అనుమానం రావచ్చు. అదే గుళ్లో గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. అచ్యుత దేవరాయల కోశాధికారి విరూపణ్ణ అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే, తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని కథ. నాకు మటుకు ఆ కథ వింటే ఒకటే అనిపిస్తుంది. ఎదురుగా అంత గుడి కనిపిస్తున్నా ఆ మనిషి దగ్గర రసీదులు లేవు.

శుభలేఖ కూడా జత చేయాలి. తెలుగుది కాబట్టి తర్జుమా కావాలి. ఒక ఫైలుకు తర్జుమా చేసినాయన ఎవరో గానీ, 'చి.ల.సౌ.' అన్నదాన్ని పెళ్లికూతురి ఇంటిపేరు తాలూకు అక్షరాలనుకుని 'సి.ఎల్.ఎస్.' అని పేరు ముందు తగిలించాడు. 'చి॥' ఉన్నందుకు పెళ్లికొడుక్కి ఒక 'సి' దక్కింది. పాస్‌పోర్టులో లేని అక్షరాలు పెళ్లిపత్రికలో ఎందుకున్నాయో చెప్పడానికి మళ్లీ ఒక అఫిడవిట్టు. చిరంజీవి, లక్ష్మీ, సౌభాగ్యవతి అన్న మూడు మాటలకు నోటరీ ముద్ర పడింది.

మాట్లాడుకున్నట్టు రుజువుకు వాట్సాప్ పేజీలు పదికి మించకూడదు. ఏవి పెట్టాలన్నది మీ ఇష్టం, అయితే మీకు ఛాయిస్ పెద్దగా ఉండదు. ఆయన తిరిగి కెనడాలోని బ్రాంప్టన్ పోయాక ఇక్కడ పొద్దున అయితే అక్కడ రాత్రి. పది పేజీలనిండా ఉన్నది ఇదే: తిన్నావా. తిన్నా. ఏం తిన్నావు. సంగటి. నువ్వు? బ్రెడ్డు. మళ్లీ తిన్నావా. ఆఫీసరు దీన్ని రహస్య సంకేతం అనుకున్నా తప్పులేదు. పైగా ఆమె ఫోనులో ఆయన పేరు లేదు, 'మా ఆయన' అని ఉంది. ఆయన పేరు నోటితో చెప్పని మనిషి ఫోనులో మాత్రం ఎట్లా రాస్తుంది?

దేశాన్ని బట్టి తిప్పలు మారతాయి. దొంగ పెళ్లిళ్ల మీద అమెరికా 1986లో చట్టం చేసింది. పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు, అది తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్లీ ఐ-751 ఫారం వేసుకోవాలి. కెనడా కూడా 2012లో కొత్త జంటలకు రెండేళ్లు కలిసి ఉండాలన్న షరతు పెట్టి, 2017లో ఎత్తేసింది. ఆస్ట్రేలియా అయితే డబ్బు, ఇల్లు, నలుగురిలో మీ తీరు, ఒకరికొకరు కట్టుబడిన తీరు అని నాలుగు వైపుల నుంచీ చూస్తుంది. ఇంటిపని ఎవరు చేస్తారో కూడా రాయమంటుంది. ఆ గడిలో మన మగవాళ్లు నిజం రాయొద్దు.

సాక్షుల ఉత్తరాల విషయంలో మాత్రం మన ఊరికి తిరుగులేదు. ఆ బాడుగ కుర్రాడి ఎదురింటామె దగ్గరికి పోయి, చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చాను. "ఆ అమ్మి దినామూ పొద్దున్నే ముగ్గేస్తాది. ఆ అబ్బోడు దినామూ దానిమీదే బండి తోల్తాడు. ఆమె అరుస్తాది. ఆయప్ప వినిపించనట్ల పోతాడు. ఏడాదిన్నర ఇదే. కాపురం కాక ఇంకేమంటారు దీన్ని?" ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూడలేదు. కానీ అబ్బాయి ఒప్పుకోలేదు, గొడవ పడుతున్నట్టు తెలిస్తే కొంప మునుగుతుందన్నాడు. చివరికి "వారు అన్యోన్యముగా జీవించుచున్నారని నాకు తెలియును" అని రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించాడు. చదివి వినిపిస్తే ఆమె, "ఇది యెవురి గురించి?" అంది.

ఇవన్నీ పెట్టినా రెండు రకాల ఆధారాలు కుదరకపోతే భయపడకండి. ఎందుకు లేవో వివరంగా రాసి పెట్టమని చెక్‌లిస్టే చెబుతుంది. ఆ వివరణ రాయడం నాకు ఇష్టమైన పని. తాత పేరున మీటరు ఎందుకుంది, అత్త పేరున గ్యాసు ఎందుకుంది, జిల్లా ఎందుకు మారింది, కన్నతండ్రికి ఎనిమిది వేల బాడుగ ఎందుకు, ఇవన్నీ కలిపి ఆ జంటకు నాలుగు పేజీలు రాశాను. ఇరవయ్యో ఫోటోగా బిందె పెట్టాం. కిటికీ దగ్గర వెలుతురులో, చుక్కల అక్షరాలు కనిపించేలా అబ్బాయే ఫోనుతో తీశాడు.

ఎనిమిది నెలలకు పీఆర్ వచ్చింది. ఏ కాగితం పనిచేసిందో ఎవరూ చెప్పలేదు. ప్రయాణం రోజు ఆ అమ్మి బిందెను బట్టల పెట్టెలో పెట్టుకుంటూంటే అత్త వచ్చి చేతిలోంచి తీసుకుందట.

"ఇది నువ్వు తీసుకునిపోతే, రేపు పొద్దున నీళ్లు దేనిలో పట్టేది?"