మూడో కొటేషన్

ఒకప్పుడు టెండరు వేయాలంటే డబ్బుతో పాటు కండబలం కూడా కావాలి. ఆఫీసు వరండాలో తాళం వేసిన రేకు పెట్టె. దాని చుట్టూ ఏ పనీ లేనట్టు నిలబడి బీడీలు కాల్చే నలుగురు. కాంట్రాక్టర్ల మధ్య రింగు కుదిరితే కవరు పెట్టెలో పడేది. కుదరకపోతే కవరు తెచ్చినవాడే మెట్ల మీంచి పడేవాడు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టెండర్లను ఆన్‌లైన్‌కి ఎక్కించడం మొదలుపెట్టాక ఆ నలుగురికీ ఉపాధి పోయింది. రింగుకు ఏమీ కాలేదు. తర్వాత్తర్వాత అది వాట్సాప్ గ్రూపు పెట్టుకుంది.

ఇప్పుడు ప్రైవేటు కంపెనీల్లోనూ చీపురు దగ్గర్నుంచి బాయిలర్ దాకా ఏది కొనాలన్నా ప్రొక్యూర్‌మెంట్ సాఫ్ట్‌వేర్ గుండానే కొనాలి. అందులో ముఖ్య ఘట్టం సోర్సింగ్ రిక్వెస్ట్. ఫలానా సరుకు కావాలి, అమ్మేవాళ్ళను వెతికి ధరలు తెప్పించండి మహాప్రభో అని విన్నవించుకోవడం. అయితే ఎవరికీ సరుకు మీద ధ్యాస లేదు. వెతికినట్టు ఫైల్లో కనబడాలి, అంతే. సాఫ్ట్‌వేర్ కొనిపెట్టేది సాక్ష్యాన్ని. వీలైతే దాంతోపాటు సరుకు కూడా వస్తుంది.

ఆ సాక్ష్యం పేరు మూడు కొటేషన్లు. కాగితాల కాలంలో దీనికి షాపు సేటు దగ్గరే సకల ఏర్పాట్లూ ఉండేవి. “మూడూ నేనే ఇచ్చేయనా సార్?” అని సొరుగు లాగేవాడు. ఒకటి తన షాపు లెటర్‌హెడ్, ఇంకోటి తమ్ముడిది, మూడోది బామ్మర్దిది. ముగ్గురూ ‘మోటారు’ని ఒకే రకంగా తప్పు రాసేవాళ్ళు. ముగ్గురి రబ్బరు స్టాంపూ ఒకే వైపు ఒరిగేది. ఆడిటర్ మూడు కాగితాలనూ లెక్కపెట్టి, మూడే ఉన్నాయని తేల్చుకుని టిక్కు పెట్టేవాడు.

సాఫ్ట్‌వేర్ వచ్చి ఈ అక్రమానికి అడ్డుకట్ట వేసింది. ఇప్పుడు ముగ్గురూ విడివిడిగా పాన్, జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్, క్యాన్సిల్డ్ చెక్కు అప్‌లోడ్ చేసి వెండర్ కోడ్ తెచ్చుకోవాలి. నిజంగా వేరే షాపు ఉన్న చిన్న వ్యాపారి ఆ ఫారాలు చూసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. సేటు మాత్రం మూడు లాగిన్లూ తెరిచి, ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక ధర వేసి, చాయ్ తాగి, రెండోది వేసి, ఇంకో చాయ్ తాగి మూడోది వేశాడు. ‘పోటీ సంతృప్తికరం’ అని సిస్టమ్ రాసుకుంది.

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళకు జెమ్ పోర్టల్ ఉంది. 2016 ఆగస్టులో పెట్టారు. మరుసటి ఏడాది డీజీఎస్ అండ్ డీ అనే పాత కొనుగోళ్ళ శాఖను మూసేశారు. అక్కడ రివర్స్ ఆక్షన్ ఒకటుంది, చూసి తీరాలి. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయల దగ్గర మొదలై ఇప్పుడు 30 లక్షలు దాటింది. రివర్స్ ఆక్షన్‌లో పాట కిందికి నడుస్తుంది. ఒకడు వంద తగ్గిస్తే ఇంకొకడు రెండొందలు తగ్గిస్తాడు. లడ్డూ సైజు ఏమవుతుందో గెలిచినవాడి ఇష్టం.

ఇక జీడిమెట్ల వైపు ఓ ఫ్యాక్టరీ సంగతి. పంపు షాఫ్టు దగ్గర నీళ్ళు కారుతున్నాయి. గ్లాండ్ ప్యాకింగ్ అరిగిపోయింది. షాఫ్టు చుట్టూ రింగులుగా కోసి దూర్చే గ్రాఫైటు తాడు అది. పూర్వమైతే ఫిట్టరు స్టోర్సులో చిల్లర ఖర్చుల డబ్బు తీసుకుని రాణీగంజ్ వెళ్ళి, తాడును గోటితో గిచ్చి చూసి, భోజనం వేళకు వచ్చి బిగించేసేవాడు. ఇప్పుడలా చేస్తే మెమో ఇస్తారు. అందుకని సోర్సింగ్ రిక్వెస్ట్ పెట్టాడు, 20 మీటర్లకు.

ఐటమ్ మాస్టర్‌లో ఆ తాడుకు కొలత మీటరు. రాణీగంజ్‌లో దాన్ని కిలోల్లో తూచి అమ్ముతారు. మొదటి వెండరు మీటరు ధర 300 వేశాడు. రెండోవాడు కిలో ధర 900ని మీటరు గడిలో కొట్టాడు. మూడోవాడు డబ్బా మొత్తం ధర 11,000 అదే గడిలో దించాడు. సిస్టమ్ మూడు అంకెలూ చూసి, చిన్నదానికి ఆకుపచ్చ రంగు పూసి ఎల్‌వన్, అంటే అందరికన్నా తక్కువ ధర, అంది.

“సార్, ఈ సైజు తాడు కిలోకి ఐదు మీటర్ల పైనే వస్తుంది. రెండోవాడిదే చవక” అన్నాడు ఫిట్టరు.

“సిస్టమ్ చెప్పాక నువ్వెవరివయ్యా చవక చెప్పడానికి?” అన్నారు పర్చేజ్ ఆఫీసరు.

ఎల్‌వన్‌ని కాదనాలంటే కారణం రాసి పైకి పంపాలి. పంపితే పైఆయన సెలవులో ఉన్నారు. ఆయన బదులు ఆమోదించాల్సినాయన ఉద్యోగం మానేసి ఆర్నెల్లయింది. పంపు కింద పెట్టడానికి బకెట్ కావలసి వచ్చింది గానీ, దానికి రిక్వెస్ట్ పెట్టే సాహసం ఎవరూ చేయక క్యాంటీన్‌ది ఎత్తుకొచ్చారు. చివరికి 300 వాడికే ఆర్డరు పోయింది. అతను బిల్లు కిలోల్లో వేశాడు, పర్చేజ్ ఆర్డరులో మీటర్లున్నాయి. లెక్క కలవలేదని బిల్లు ఆగింది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం ఘోషిస్తోంది. ఆ చట్టానికి ఈ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ లేదు.

అసలు వేడుక వార్షిక సమావేశంలో జరిగింది. వచ్చిన ధరల్లో అతి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేదే ఆదా అని ఆ సాఫ్ట్‌వేర్ లెక్క. 11,000లోంచి 300 పోను 10,700. అలాంటివి 20 మీటర్లు. వెరసి ఒక్క తాడు మీద కంపెనీకి 2,14,000 రూపాయల ఆదా. తెర మీద ఆ అంకె పడగానే హాలంతా చప్పట్లు.

ఫిట్టరుకు మాత్రం పర్చేజ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. 20 మీటర్లే ఎందుకు అడిగావో సంజాయిషీ ఇవ్వాలట. 40 అడిగి ఉంటే ఆదా రెట్టింపయ్యేది.