ముందు పెద్దది తీసుకుందాం

నేను వీసీఆర్‌ని. శాలిబండ క్లాక్‌టవర్ దగ్గర ఓ ఇరుకు దుకాణంలో ఉంటాను. పాత క్యాసెట్లలోని బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. 1976లో జేవీసీ వాళ్లు తెచ్చిన వీహెచ్ఎస్ వంశం మాది. 2016 జులైలో ఫునాయ్ కూడా తయారీ ఆపేశాక మాలో కొత్తగా పుట్టేవాళ్లు లేరు.

మొన్న లాల్‌దర్వాజ నుంచి ఒకబ్బాయి క్యాసెట్ తెచ్చాడు. అందులో బోనాలప్పటి అక్కన్న మాదన్న గుడి ఘటం ఊరేగింపు. ఏనుగు, పోతరాజులు, బోనమెత్తుకున్న వాళ్ల నాయనమ్మ. టేపు చుట్ట అంచున తెల్లటి బూజు. దుకాణం నడిపే మా భాయ్ పెంకు విప్పి, మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ నెమ్మదిగా చుట్టాడు. సెకనుకు 25 చుట్లు తిరిగే నా డ్రమ్ముకు ఒరుసుకుంటూ పోవాలి కదా, అలాంటి టేపుకు ప్రతి ఆటా గండమే.

“భాయ్, వాట్సాప్‌ల పంపేటట్టు చిన్న ఎంపీ4 చేసియ్యి. మా బాపు అప్పట్ల వీసీడీ చేపించిండు గని, మొఖాలు గుర్తువడ్తలేవు.”

“చిన్నది తర్వాత చేస్త తమ్మీ. ముందు పెద్దది తీసుకుందాం.”

నా తపనంతా ఆ పెద్ద ఫైలు గురించే. నేనిచ్చే బొమ్మలో 576 గీతలుంటే వీసీడీ 288తో సరిపెట్టుకుంటుంది. పోయిన సగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఏఐతో పదును పెడతామంటున్నారు గానీ, అది ఊహించి గీసిన ముఖం, నాయనమ్మది కాదు. వీసీడీ చేయించుకుని క్యాసెట్ పారేసిన ఇళ్లు ఎన్నో. ఈ ఇంట్లో దాచి ఉంచారు, అదే అదృష్టం.

భాయ్ మొదట ఎఫ్ఎఫ్‌వీ1 అనే నష్టంలేని పద్ధతిలో, ఎంకేవీ ఫైలుగా పట్టుకుంటాడు. గంటకు 30 జీబీ అటూఇటూ తింటుంది. కంప్యూటర్‌కు చేరిన బొమ్మలో ఒక్క చుక్క కూడా పోదు. నేను సెకనుకు 50 ఫీల్డులుగా, అంటే సగం గీతల బొమ్మలుగా, ఇచ్చినదాన్ని కలిపెయ్యకుండా అలాగే ఉంచుతాడు. పోతరాజు కొరడా విసురు మసకబారకుండా ఉండేది అందుకే. ఫోన్ల కోసం దాన్నుంచి హెచ్.264 ఎంపీ4 తీస్తాడు.

వీడియోను కుదించడానికి కొత్తగా ఏవీ1 వచ్చింది కదా అంటారు కొందరు. ఫోన్ కాపీకి ఏదైనా పర్వాలేదు, పెద్దది ఉంటే ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు. దాచే ఫైలుకు మాత్రం కొత్తదా పాతదా అన్నది కొలత కాదు, రేపు కూడా తెరుచుకుంటుందా అన్నదే కొలత. హెచ్.264, ఎఫ్ఎఫ్‌వీ1 రెండూ 2003 నాటివే. మొదటిది పెన్‌డ్రైవ్ పెడితే మామూలు టీవీలోనూ ఆడుతుంది. రెండోదాని లోపలి లెక్కంతా 2021లో ఆర్ఎఫ్‌సీ 9043 అనే, ఎవరైనా చదవగల పత్రంగా అచ్చయింది. రేపు ప్లేయర్లన్నీ మాయమైనా, అది చదివి కొత్తది రాసుకోవచ్చు. ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉండిపోయిన రియల్‌వీడియో ఫైళ్లు ఇవాళ చాలా ఫోన్లలో తెరుచుకోనే తెరుచుకోవు.

టేపులతోపాటు వాటిని చదివే మాలాంటి యంత్రాలూ కరువవుతాయని యునెస్కో, ధ్వని-దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ 2019లోనే హెచ్చరించాయి. మీ అటకల మీద క్యాసెట్లుంటే వానలు పడి చెమ్మ ఎక్కకముందే తెండి. ఎంపీ4 ఒక్కటే చాలనకండి, పెద్ద ఫైలు కూడా అడిగి, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టించుకోండి. క్యాసెట్ మాత్రం పారెయ్యకండి.