పట్టిస్తే ఐదొందలు

దానధర్మాల్లో మన భాగ్యనగరాన్ని మించిన ఊరు లేదు. నమ్మకం కుదరకపోతే 2017 నవంబరు గుర్తు తెచ్చుకోండి. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకి ఇవాంకా ట్రంప్ వస్తున్నారని రోడ్లకు తారు, డివైడర్లకు రంగు పడ్డాయి. పనిలో పనిగా రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని పోలీసులు నిషేధించారు. సిగ్నళ్ల దగ్గరున్నవాళ్లను బండెక్కించి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. 2000లో క్లింటన్ వచ్చినప్పుడూ ఇదే తంతు. మన పేదవాడికి ఓ గూడు దొరకాలంటే అమెరికా నుంచి ఎవరో ఒకరు విమానం ఎక్కాలన్నమాట.

అసలు కరుణ ఆ తర్వాత పొంగింది. బిచ్చగాడి ఆచూకీ చెబితే ఐదొందలు బహుమతి అని జైళ్ల శాఖ ప్రకటించింది. అదే మనిషి కారు అద్దం మీద తడితే “చిల్లర లేదు, పో” అని పచ్చలైటు కోసం మొక్కుకునేవాళ్లం. అతగాడు ఐదొందలు పలుకుతాడని అప్పుడే తెలిసింది. అడుక్కుతినేవాడి దగ్గర గీక్కుతినేవాడు అన్న సామెతకి సర్కారీ రేటు ఖరారైంది కూడా అప్పుడే.

“ఒంట్లో సత్తువుందిగా, పని చేసుకోవచ్చుగా” అంటారు కొందరు పెద్దలు. చేసుకుంటూనే ఉన్నాడండీ. మొన్న పెళ్లిలో మీరు వద్దు వద్దంటున్నా రెండో గులాబ్‌జామ్ వేసి, మీ ఎంగిలి విస్తరి తీసిన కుర్రాడున్నాడే, మెడకి బో కట్టుకుని! అర్ధరాత్రి ఆ బో కేటరింగువాడికి అప్పజెప్పి సికింద్రాబాద్ స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద పడుకున్నాడు. చెప్పులు తలకింద పెట్టుకుని. లేకపోతే తెల్లారేసరికి అవీ ఉండవు. నిలోఫర్ ఆసుపత్రి బయట పడుకున్నాయన బిచ్చగాడేం కాదు, పాలమూరు రైతు. బిడ్డకి ఆరోగ్యశ్రీలో వైద్యం ఉచితమే. తండ్రి నడుం వాల్చడానికి మాత్రం ఏ శ్రీ లేదు.

2011 జనాభా లెక్కలప్పుడు ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, సిమెంటు గొట్టాల్లో పడుకున్నవాళ్లను లెక్కేస్తే దేశంలో 17.7 లక్షల మంది తేలారు. నగరాల్లో లక్ష జనాభాకి ఒక నైట్ షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. పొట్ట గడవకే అడుక్కుంటారు, దీన్ని కలవారి కళ్లతో చూడలేమని 2021లోనూ అంది. కోర్టువారికేం, వారి గేటు ముందు ఎవరూ పడుకోరు.

మా అపార్ట్‌మెంటు సంఘం మాత్రం కదిలిపోయింది. చలికాలం వచ్చిందని దుప్పట్లు పంచాలని తీర్మానించింది. ఒక్కో దుప్పటి పట్టుకోవడానికి ఆరుగురు, ఫొటో తీయడానికి ఇద్దరు. ఒకటే షరతు: మన గేటు దగ్గర పంచకూడదు, మరిగి ఇక్కడే మకాం వేస్తారు. అందుకని రెండు కిలోమీటర్ల అవతల ఓ కాలనీ ముందు పంచి, పుణ్యం మూటగట్టుకుని వచ్చాం. తీరా చూస్తే ఆ కాలనీవాళ్లు మా గేటు ముందు పంచుతున్నారు.