మా రోజుల్లో డొమైన్‌కి ఫ్యాక్సు పంపేవాళ్లం

కార్ల్స్‌రూహె ఊరివాళ్లకి ఇంటర్నెట్ మాటెత్తితే కాస్త పొగరు. ఉండకేం మరి? 1984 ఆగస్టులో అమెరికా నుంచి జర్మనీకి మొట్టమొదటి ఇంటర్నెట్ ఈమెయిల్ వచ్చి పడింది ఈ ఊరి విశ్వవిద్యాలయంలోనే. నేను పుట్టింది కాకినాడ పక్కన పల్లెలో అయినా, చదువుకని వచ్చి ఇక్కడి కంప్యూటర్ గదుల్లోనే జుట్టు నెరిపించుకున్నాను కాబట్టి ఆ పొగరు నాకూ అంటింది. అందుకే మా మేనల్లుడు "డొమైన్‌దేముంది మామయ్యా, ట్రామ్ దిగేలోపు కొనేశాను" అంటే ఒళ్లు మండుతుంది.

మా రోజుల్లో డొమైన్ కొనే సరుకు కాదు. అడిగి రాయించుకునేది. జర్మనీ వాటాకి డాట్ డీఈ అన్నది 1986 నవంబరులో వచ్చింది. 1988లో ఆ తోక తగిలించుకున్న పేర్లన్నీ కలిపి ఆరు. ఆ ఆరింటిలో ఒకటి మా విశ్వవిద్యాలయానిది. ఈ పేర్ల పట్టీ మొదట డోర్ట్‌ముండ్ విశ్వవిద్యాలయం వాళ్ల చేతిలో ఉండేది, 1994లో మా ఊరికి వచ్చింది. అప్పటికి పేర్లు ఓ వెయ్యి. పేరు కావాలంటే ముందు నీ నేమ్ సర్వర్లు (పేరు అడిగితే దారి చెప్పే యంత్రాలు) నడుస్తూ ఉండాలి, ఫారం తప్పుల్లేకుండా ఉండాలి. తప్పుంటే వెనక్కి వచ్చేది. వెనక్కి పంపిన మనిషికి ఫోన్ చేస్తే ఎత్తేవాడు, ఎత్తి చీవాట్లు పెట్టేవాడు. ఇప్పుడు చీవాట్లు పెట్టే మనిషి కూడా దొరకడు, చాట్ పెట్టె తెరుచుకుని "మీకెలా సహాయపడగలను" అని అడుగుతుంది.

1996 డిసెంబరులో 37 ఇంటర్నెట్ కంపెనీలు కలిసి డెనిక్ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నాయి. మన పాల సొసైటీ లాంటిదే: సభ్యులే యజమానులు, లాభాలు పంచుకోవడం దాని పని కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చుని పట్టీ చూసుకుంటుంది. జనంతో బేరసారాలు సభ్య కంపెనీలవి. ఒక కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి మారాలంటే అప్పట్లో కేకే ఫారం అనేదొకటి నింపి, సంతకం పెట్టి ఫ్యాక్సు చేయాలి. పాత కంపెనీ ఊ అనాలి. అది ఊ అనడానికి ఎన్ని వంకలు పెట్టేదో తలుచుకుంటే ఇప్పటికీ తలనొప్పే. తర్వాత ఆథ్‌ఇన్ఫో అని ఒక సంకేతపదం వచ్చి ఫ్యాక్సును మూలపడేసింది. పోనీలెండి, ఫ్యాక్సు యంత్రం మీద నాకేం మమకారం లేదు.

నా గొణుగుడంతా మోంటాబౌర్ గురించి. వెస్టర్‌వాల్డ్ కొండల్లో చిన్న ఊరు, గుట్ట మీద పసుప్పచ్చటి కోట. 1988లో రాల్ఫ్ డొమ్మర్‌మూట్ అనే పాతికేళ్లయినా నిండని కుర్రాడు ఇంకొకతనితో కలిసి అక్కడ 1&1 అనే కంపెనీ పెట్టాడు. డొమైన్ల కోసం కాదు సుమండీ. చిన్నచిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల సరుక్కి ప్రచారం చేసి పెట్టడం వాళ్ల మొదటి వ్యాపారం. తర్వాత జర్మన్ టెలికామ్ వాళ్ల ఆన్‌లైన్ సేవకి చందాదారుల్ని చేర్చి పెట్టారు. అంటే పుట్టుకతోనే అది అమ్మడం తెలిసిన కంపెనీ. వైర్ల సంగతి తెలిసిన మేం అమ్మడం అంటే ముఖం చిట్లించేవాళ్లం. ఎవరు బాగుపడ్డారో వేరే చెప్పాలా?

కంప్యూటర్ పత్రిక తెరిస్తే చాలు, పేజీలకి పేజీలు వాళ్ల ప్రకటనలే. వ్యాసం ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోవాల్సి వచ్చేది. 1998లో షేర్ మార్కెట్‌కి వెళ్లారు. ఆ రోజుల్లోనే మా కార్ల్స్‌రూహెలో పేర్లు, సర్వర్లు చూసే ష్లుంట్ అండ్ పార్ట్‌నర్ కంపెనీని తమలో కలుపుకున్నారు. వైరు మా ఊరిది, మైకు వాళ్లది. ఆ రెండూ కలిసేసరికి ఇంక ఆగింది లేదు. 1999లో డాట్ డీఈ పేర్లు పది లక్షలకి చేరితే, 2006 నాటికి కోటి. ఇప్పుడు కోటీ డెబ్బై లక్షల పైమాటే. ఆరు పేర్లున్న పట్టీ గురించి చెబితే మా మేనల్లుడు కట్టుకథ అనుకుంటాడు.

ఇక కొనుగోళ్లు. 2000లో మాతృసంస్థకి యునైటెడ్ ఇంటర్నెట్ అని పేరు పెట్టుకున్నారు. 2006లో ఇంగ్లండు ఫాస్ట్‌హోస్ట్స్, 2008లో ష్టార్న్‌బెర్గ్‌లోని యునైటెడ్ డొమైన్స్, 2013లో స్పెయిన్ ఆర్సిస్, 2015లో పోలండ్ హోమ్ డాట్ పీఎల్. వీటన్నిటికంటే నన్ను నవ్వించింది బెర్లిన్ ష్ట్రాటో సంగతి. చవక డొమైన్లలో 1&1కి గట్టి పోటీ అది. టెలికామ్ దాన్ని 2009లో కొని, 2016 చివర్లో అరవై కోట్ల యూరోలకి వీళ్లకే అమ్మజూపింది. ఒకనాడు టెలికామ్ గుమ్మం ముందు నిలబడి చందాదారుల్ని చేర్చి పెట్టినవాళ్లు, టెలికామ్ దుకాణాన్నే కొనుక్కున్నారు! కిట్టనివాడు కూడా ఇక్కడ టోపీ తీయాలి. తీశాను కూడా.

తర్వాత 2018లో డొమైన్ల విభాగానికి ఐయోనోస్ అని కొత్త పేరు. జనానికి పేర్లు అమ్మేవాళ్లకి తమ పేరు మీద ఇంత నిలకడ లేకపోవడం ఏమిటో నాకర్థం కాదు. 2023 ఫిబ్రవరిలో ఆ ఐయోనోస్ షేరు 18.50 యూరోల చొప్పున ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటికి అరవై లక్షల మంది ఖాతాదారులట. వీళ్లొక్కళ్లే కాదు, 1998లో పుట్టిన జార్లాండ్ డొమైన్ల కంపెనీ కీ సిస్టమ్స్ కూడా బాగానే పెరిగింది. పెరిగి పెరిగి 2018లో లండన్ సెంట్రల్‌నిక్ చేతిలోకి వెళ్లింది. ఈ వ్యాపారంలో పెద్దయితే కొనాలి, లేకపోతే అమ్ముడుపోవాలి.

ఈ పెరుగుదల వెనక కిటుకు ఏమిటంటే, పేరు ఎర, మిగతాది బిల్లు. పేరు ఒక్కటే అమ్మితే మిగిలేది చిల్లర. అందుకని మొదటి ఏడాది ఒక యూరో అంటారు, పక్కనే మెయిల్ పెట్టె, వెబ్‌సైట్ కట్టే పరికరం, భద్రతా ధ్రువపత్రం, ఇంకా ఏవేవో గడులు. టిక్కు ముందే పెట్టి ఉండేది కొన్నిచోట్ల. 2003లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు 1&1 మూడేళ్లు ఊరికే హోస్టింగ్ ఇస్తామని చాటింది. ఊరికే వచ్చినవాడు నాలుగో ఏట మూటాముల్లే సర్దుకుని పోడని వాళ్లకి తెలుసు. మా మేనల్లుడు ట్రామ్‌లో ఏదో ఒక కంపెనీ దగ్గర (పేరెందుకు లెండి) కొన్న డొమైన్‌కి రెండో ఏడు బిల్లు చూసి గుడ్లు తేలేశాడు. "అడుగున సన్న అక్షరాల్లో రాశారు మామయ్యా" అన్నాడు. సన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు ఉండాల్సింది నాకు, వాడికి కాదు.

అయినా న్యాయం చెప్పుకోవాలి. మా రోజుల్లో పేరు ఉన్నది విశ్వవిద్యాలయాలకి, పెద్ద కంపెనీలకి. మా వీధి రొట్టెల దుకాణానికి వెబ్ చిరునామా ఇచ్చింది మేం కాదు, మోంటాబౌర్ ప్రకటనలే. పెద్దవాళ్లకైనా అన్నీ సులువుగా రాలేదు. వోక్స్‌వాగన్ అంతటిది తన రెండక్షరాల పేరు కోసం డెనిక్ మీద కోర్టుకెక్కితే గాని, 2009 అక్టోబరులో రెండక్షరాల డాట్ డీఈలకి తలుపు తెరుచుకోలేదు.

చవక అయ్యాక పోయింది అక్కర. డాట్ డీఈలో ఒక మంచి ఏర్పాటు ఉంది: నువ్వు డబ్బు ఏ కంపెనీకి కట్టినా, పేరు తాలూకు ఒప్పందం నీకూ డెనిక్‌కూ మధ్యనే. ఆ కంపెనీ చేతులెత్తేసినా నీ పేరు గాల్లో కలవదు, నీ చిరునామాకి డెనిక్ ఉత్తరం రాస్తుంది. ఉత్తరం చేరాలంటే చిరునామా నీదై ఉండాలి కదా! 2018 మే దాకా యజమాని ఎవరో ఊరందరికీ కనిపించేది. కొత్త గోప్యతా చట్టం వచ్చాక ఆ వివరాలు మూసేశారు. మంచిదే, కానీ తప్పు రాసి ఉన్నా పక్కవాడు చూసి చెప్పే వీలు లేదు.

ఇక్కడి మన తెలుగువాళ్లతో నాకు పేచీ ఈ దగ్గరే. బిర్యానీ హోటల్ వెబ్‌సైట్ పేరు, దాన్ని కట్టి ఇచ్చిన కుర్రాడి పేరు మీద ఉంటుంది. సంఘం పేరు, మూడు కమిటీల కిందట పనిచేసిన కార్యదర్శి మీద ఉంటుంది, ఆయనేమో ఇప్పుడు కెనడాలో. ఉగాదికి ఆహ్వానం పెట్టబోతే సైటు తెరుచుకోదు, అప్పుడు నాకు ఫోన్లు. కాబట్టి బాబూ, అమ్మా, మీ డొమైన్ ఎవరి పేరు మీద, ఏ చిరునామాతో, ఏ మెయిల్‌తో నమోదై ఉందో ఈ వారమే చూసుకోండి. వేరేవాళ్ల మీద ఉంటే, వాళ్లు ఫోన్ ఎత్తుతున్నప్పుడే మార్పించుకోండి.